పెద్దాయన నోట్లో ఏముంది?

"నీళ్ల మాత్రలు," అన్నాడు ఇన్‌స్పెక్టర్, ప్లాస్టిక్ కవరును డిటెక్టివ్ ముఖం ముందు ఆడిస్తూ. "శిష్యుడి సంచిలో దొరికాయి. గురువుగారి రక్తంలో పొటాషియం అడుగంటింది. దాన్ని ఊడ్చేసేవి ఇవే. ఇంకేం కావాలండీ మీకు? ముద్దాయి వచ్చి మీ చెవిలో చెప్పాలా?"

డిటెక్టివ్ బల్ల మీద నుంచి లేవలేదు. కవరులోని మాత్రల వంక ఒకసారి, అద్దాల తలుపు వెనకాల మంచం మీదున్న మనిషి వంక ఒకసారి చూసింది. ఆమె ఈ ఆస్పత్రికి వచ్చి గంట కూడా కాలేదు. ఆమెను పిలిపించింది ముద్దాయి తరఫువాళ్లు కాదు. లోపల పడుకున్న మనిషి భార్యే పిలిపించింది. ఇన్‌స్పెక్టర్‌కు ఒళ్లు మండుతున్నది అందుకే. మొగుడికి విషం పెట్టారని పోలీసులు చెబుతుంటే, పెట్టినవాణ్ణి కాపాడమని ఆ ఇల్లాలు డిటెక్టివ్‌ను తెచ్చుకున్నది.

లోపలున్న ఆయన్ను డబ్బింగ్ రంగంలో అందరూ పెద్దాయన అంటారు. తెర మీద ఏ హీరో తండ్రి గర్జించినా, ఏ విలన్ గొణిగినా ఆ గొంతు ఆయనదే. నిన్న పొద్దున రికార్డింగ్ గదిలో డైలాగు మధ్యలో ఆగిపోయాడు. కాగితం మీద అక్షరాలు అలుక్కుపోతున్నాయన్నాడు. రెండు చేతులతో తల పట్టుకుని మైకు స్టాండుతో సహా కూలిపోయాడు. ఆస్పత్రికి తెచ్చేసరికి బీపీ పైది రెండు వందల ముప్పై, కిందిది నూట ముప్పై.

ఆయన దగ్గర పదేళ్లుగా గొంతు దిద్దుకుంటున్న శిష్యుడు ఇప్పుడు స్టేషన్లో ఉన్నాడు. గురువు పడిపోయిన సాయంత్రమే ఆయన చెబుతున్న పాత్రను శిష్యుడికి ఇచ్చారు. కారణం వెతుక్కునేవాళ్లకు అంతకంటే ఏం కావాలి?

"ఆ మాత్రలు వాళ్లమ్మవి," అంది పెద్దాయన భార్య. రాత్రంతా కూర్చునే ఉన్న మనిషి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది. "ఆవిడకి కాళ్లు వాస్తాయి. నెలనెలా వాడే కొనుక్కెళ్తాడు. ఈ మాట మీకు మూడుసార్లు చెప్పాను బాబూ."

"ముప్పైసార్లు చెప్పినా సాక్ష్యం సాక్ష్యమేనమ్మా. ఫ్లాస్కులో రోజూ నీళ్లు కలిపిచ్చేది ఎవరు? వాడే కదా."

అప్పుడే డాక్టరమ్మ బయటికి వచ్చింది. డిటెక్టివ్ లేచి ఎదురు వెళ్లింది.

"డాక్టర్, ఒక్క ప్రశ్న. ఈ నీళ్ల మాత్రలు మామూలుగా ఎవరికి రాస్తారు?"

"కాళ్ల వాపులున్నవాళ్లకి, గుండె జబ్బువాళ్లకి. అన్నిటికంటే ఎక్కువగా బీపీవాళ్లకి."

"బీపీవాళ్లకి ఎందుకు?"

"ఒంట్లో ఎక్కువైన ఉప్పునీ నీళ్లనీ ఒంటేలు దారిన పంపించేస్తే బీపీ దిగుతుంది, అందుకు."

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "అంటే మీ లెక్క ప్రకారం, శిష్యుడు గురువుగారిని బీపీ పెంచి చంపాలనుకున్నాడు. అందుకని బీపీ తగ్గించే మందు పెట్టాడు."

నర్సు ఒకామె నవ్వు ఆపుకుంటూ మందుల ట్రే తీసుకుని గబగబా వెళ్లిపోయింది.

ఇన్‌స్పెక్టర్ ఎర్రబడ్డాడు. "అయితే పొటాషియం ఎందుకు పడిపోయింది? చెప్పండి. మీరేగా తెలివైనవాళ్లు."

"అది నాకు తెలీదు. ఇంకా తెలీదు."

"తెలిసేలోపు మధ్యాహ్నం కోర్టు మొదలవుతుంది. రిమాండుకి పెట్టేస్తాను. తర్వాత మీ చావు మీరు చావండి." బూట్లు టకటకలాడించుకుంటూ వెళ్లిపోయాడు.

పెద్దాయన భార్య డిటెక్టివ్ చెయ్యి పట్టుకుంది. "ఒకసారి వాడి పేరు పోలీసు రికార్డుకెక్కితే ఆ గొంతుని ఇక ఎవరూ మైకు ముందుకి పిలవరమ్మా. ఈయన కళ్లు తెరిచి వాడేడీ అని అడిగితే నేనేం చెప్పను?"

డిటెక్టివ్ ఆ చేతిని కాసేపు అలాగే పట్టుకుంది. తరువాత డాక్టరమ్మతో పాటు ఆమె గదిలోకి నడిచింది.

"ముందు ఆయన సంగతి చెప్పండి."

"బతుకుతారు." డాక్టరమ్మ ఆ మాట చెప్పి కుర్చీలో వాలిపోయింది. "మెదడులో నరం చిట్లలేదు. ఒత్తిడికి వాపొచ్చింది, అంతే. కళ్ల వెనక రక్తనాళాలు కొంచెం దెబ్బతిన్నాయి, కిడ్నీల మీద కూడా భారం పడింది. మెల్లిగా దించుకొస్తున్నాం. ఒక్కసారిగా దించినా ప్రమాదమే. పక్షవాతం గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగొచ్చిన మనిషి ఆయన."

"ఆయనకి బీపీ పాతదేగా?"

"పాతదే. కానీ అదుపులో ఉన్న బీపీ అది. చూడండి, బీపీ ఉన్నవాళ్లలో వందకి తొంభై మందికి పైగా ఇదీ కారణం అని చూపించలేం. వయసు, ఉప్పు, ఒళ్లు, వంశం, అన్నీ కలిసి తెస్తాయి. ఈయనదీ మొదట్లో అలాంటిదే. మిగతా కొద్దిమందికి మాత్రం వెనకాల ఒక దొంగ ఉంటాడు. కిడ్నీకి వెళ్లే నాళం సన్నబడటమో, కిడ్నీ నెత్తిన ఉండే గ్రంథిలో గడ్డో, ఏదైనా మందో. చక్కగా అదుపులో ఉన్న బీపీ ఉన్నట్టుండి పేట్రేగిపోతే, దానికితోడు పొటాషియం పడిపోతే, నేను ఆ దొంగ కోసమే చూస్తాను."

"చూశారా?"

"స్కానింగులో కిడ్నీ నాళాలు బాగున్నాయి. గ్రంథి బాగుంది. వేరే మందులేమైనా వాడుతున్నారా అని ఇంట్లోవాళ్లని అడిగాను. ఏమీ లేవన్నారు. నొప్పి మాత్రలు, జలుబు మందులు, పసర్లు, అన్నీ పేరుపేరునా అడిగాను. లేదు, లేదు, లేదు."

"ఇలా పెరుగుతుంటే ఆయనకి ముందే తెలియలేదా?"

డాక్టరమ్మ విసుగ్గా నవ్వింది. "దీంతో వచ్చిన చిక్కే అది. తెలీదు. కళ్లు మసకబారేదాకా, కాలో చెయ్యో పడిపోయేదాకా చాలామందికి ఏమీ తెలీదు. మాత్ర వేసుకుంటున్నాను కదా, ఇక కొలిపించుకోవడం ఎందుకు అని ఈయన నా దగ్గరికి రావడమే మానేశారు. మీరు కొలిపించుకుని ఎన్నాళ్లయింది?"

"నేను రోజూ మాత్ర వేసుకుంటానండీ," అంది డిటెక్టివ్.

"నేను అడిగింది అది కాదు."

డిటెక్టివ్‌కు ఆ క్షణాన ముద్దాయిల బాధ ఏమిటో కొంత అర్థమైంది. మాట మార్చి లేచి నిలబడింది.

స్టూడియోలో సౌండ్ ఇంజనీరు ఒక్కడే ఉన్నాడు. గది తాళం తీయడానికి ముందు తటపటాయించాడు.

"పోలీసులు చూసి వెళ్లారండీ. ఫ్లాస్కు పట్టుకుపోయారు. ఏదీ కదపొద్దన్నారు."

"నేను కదపను, చూస్తాను."

చిన్న గది. గోడలకు దళసరి మెత్తలు, ఒక మైకు, కాగితాలు పెట్టుకునే స్టాండు, ఎత్తైన స్టూలు. ఫ్యాను లేదు. తిరిగితే ఆ చప్పుడు మైకులో పడుతుంది. తలుపు మూయగానే ఎవరి ఊపిరి వాళ్లకే వినపడుతున్నది. స్టూలు పక్కన మూతపెట్టిన చెత్తబుట్ట ఉంది.

"ఇందులో ఎంతసేపు ఉంటారాయన?"

"పొద్దున దూరితే భోజనానికి బయటికొస్తారు. మళ్లీ దూరతారు. ఈ సీరియల్ మొదలైనప్పటి నుంచీ మరీనండీ. రోజంతా అరుపులే. రాక్షసుడి పాత్ర కదా. గొంతు చీరుకుపోతోంది అనేవారు."

"ఆయన కొత్తగా ఏమైనా మారారా ఈమధ్య? కోపం, నిద్ర, మతిమరుపు?"

"మనిషి మారలేదండీ." ఇంజనీరు పక్కగది వైపు వేలు చూపించాడు. "శబ్దం మారింది."

"అంటే?"

ఇంజనీరు పక్కగదిలోకి తీసుకెళ్లి మిషను మీద ఒక ముక్క వినిపించాడు. రాక్షసుడి గర్జన. గర్జనకు ముందు, మాటకూ మాటకూ మధ్య, చిన్నచిన్న చప్పుళ్లు. తడి చప్పుళ్లు. నాలుక దేన్నో ఒక దవడ నుంచి ఇంకో దవడకు నెట్టినట్టు.

"నోటి చప్పుళ్లు. అందరికీ కొద్దోగొప్పో ఉంటాయి, మేము తీసేస్తాం. కానీ ఈ రెండు నెలల్లో పెద్దాయన రికార్డింగుల్లో ఇవి తీయడమే నా ఉద్యోగం అయిపోయింది. ఒకసారి నవ్వుతూ అన్నాను కూడా, సార్, మీ నోట్లో ఎవరో కాపురం పెట్టారండీ అని."

డిటెక్టివ్ ఆ ముక్కను మళ్లీ వేయించుకుని విన్నది. మూడోసారి వినలేదు. రికార్డింగ్ గదిలోకి తిరిగి వెళ్లి చెత్తబుట్ట మూత ఎత్తింది.

కాగితపు ఉండల కింద, నమిలి నమిలి పీచుపీచైన పసుప్పచ్చని ముద్దలు. ఒకటో రెండో కావు, గుప్పిళ్లకొద్దీ. ఒకదాన్ని రుమాలుతో పైకి తీసి వాసన చూసింది. చెట్టు వేరు వాసన, దాని వెనకే తియ్యదనం.

"ఇదేమిటి?"

"అదా? గొంతు కట్టె," అన్నాడు ఇంజనీరు, పెన్ను పేరు చెప్పినంత మామూలుగా. "అతిమధురం వేరండీ. దవడన పెట్టుకుంటే గొంతు జారుగా ఉంటుంది, దగ్గు రాదు. ఇక్కడ రికార్డింగు మధ్యలో దగ్గితే మొత్తం మళ్లీ మొదటి నుంచి చెప్పాలి కదా."

"పోలీసులకి చెప్పారా దీని గురించి?"

"వాళ్లు ఏం తిన్నారు, ఏం తాగారు అని అడిగారు. ఇది తినేది కాదుగా. నమిలి ఊసేదే."

"ఫ్లాస్కులో ఏముండేది?"

"వేడినీళ్లు."

"ఉత్త వేడినీళ్లేనా?"

ఇంజనీరు బుర్ర గోక్కున్నాడు. "అంటే... ఈ కట్టెలే దంచి మరిగించిన నీళ్లండీ. మేము వేడినీళ్లనే అంటాం."

డిటెక్టివ్ అక్కడే స్టూలు మీద కూర్చుని డాక్టరమ్మకు ఫోను చేసింది. విషయం చెప్పింది. అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు.

"డాక్టర్?"

"ఉన్నాను. ఏ మందులు వాడుతున్నారని అడిగాను. ఏం తింటారని అడిగాను. నోట్లో ఏముంది అని ఒక్కసారి కూడా అడగలేదు." ఆమె గొంతులో అలసట పోయి హుషారు వచ్చింది. "వినండి. కిడ్నీకి ఒక హార్మోను ఆజ్ఞ ఇస్తుంటుంది, ఉప్పు పట్టి ఉంచు, పొటాషియం వదిలెయ్ అని. మామూలుగా ఆ ఆజ్ఞ అవసరమైనంత వరకే వస్తుంది. ఈ వేరులో ఉండే పదార్థం ఒంట్లోకి ఎక్కువగా వెళ్తే, దొంగ సంతకం పెట్టిన ఆజ్ఞలు పగలూ రాత్రీ కిడ్నీకి అందుతూనే ఉంటాయి. ఉప్పు పేరుకుంటుంది, నీరు పేరుకుంటుంది, బీపీ ఎగబాకుతుంది, పొటాషియం అడుగంటుతుంది. మనం వెతుకుతున్న దొంగ ఇదే అయ్యుండాలి."

"అందరూ వాడే వస్తువే కదా."

"గొంతు పట్టేసినప్పుడు ఒకరోజు ఒక ముక్క నమిలితే మామూలు మనిషికి ఏమంత కాదు. వారాల తరబడి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా, పైగా కషాయం, పైగా ముందే బీపీ. ఇది మానిపించి పొటాషియం ఎక్కిస్తే ఆయన తేరుకోవాలి. కొన్ని వారాలు పట్టొచ్చు. మళ్లీ మైకు ముందు కూర్చుంటారనే నా నమ్మకం."

డిటెక్టివ్ గోడ గడియారం చూసింది. కోర్టు మొదలయ్యే వేళ దగ్గరపడుతున్నది.

స్టేషన్ ముందు జీపు తయారుగా ఉంది. ఇన్‌స్పెక్టర్ టోపీ సర్దుకుంటున్నాడు. డిటెక్టివ్ రుమాలును ఆయన బల్ల మీద విప్పింది.

"మీ విషం."

"ఏమిటీ చెత్త?"

"చెత్తబుట్టలోదే. నిన్న మీవాళ్లు ఫ్లాస్కు పట్టుకొచ్చారు, పక్కనున్న బుట్ట మూత ఎత్తలేదు." ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది. ఫోనులో డాక్టరమ్మ చేత కూడా చెప్పించింది.

ఇన్‌స్పెక్టర్ విన్నంతసేపు విని కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయన మొండివాడే గానీ మొద్దు కాడు.

"బాగుంది. నమ్మాననే అనుకుందాం. మరి ఈ కట్టెలు తెచ్చిపెట్టిందెవరు? మరిగించిందెవరు? ఈ శిష్యుడే. తెలిసే చేశాడేమో. మీరు నా పని సులువు చేశారు. ఇంతకుముందు మాత్రలన్నాను, ఇప్పుడు కట్టెలంటాను."

ఈ మాట ఎదురవుతుందని డిటెక్టివ్ దారిలోనే అనుకుంది. "ఒకసారి అతనితో మాట్లాడనివ్వండి," అంది.

"మాట్లాడండి. జీపు ఎక్కేదాకా."

శిష్యుడికి ముప్పై ఏళ్లుంటాయి. బల్ల మీద కూర్చుని గోడకు తల ఆనించి ఉన్నాడు. డిటెక్టివ్‌ను చూసి లేవబోయి, మోకాళ్లు మడతపడి మళ్లీ కూలబడ్డాడు.

"పొద్దున్నుంచీ ఇంతే మేడమ్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "మెట్లెక్కడానికి కూడా మేమే పట్టుకున్నాం. భయానికి కాళ్లు వణికిపోతున్నాయి పాపం."

"భయం కాదండీ," అన్నాడు శిష్యుడు గొణుగుతున్నట్టు. "నేను ఏ తప్పూ చెయ్యలేదు, భయమెందుకు? కాళ్లలో సత్తువ లేదు. పిక్కలు పట్టేస్తున్నాయి. గురువుగారికెలా ఉంది మేడమ్? మాట వచ్చిందా?"

"వస్తుంది. నీకు ఈ కాళ్ల బాధ ఎప్పటి నుంచి?"

"కొన్నాళ్లుగా. రోజంతా నిలబడి చెబుతాం కదా, అలసటనుకున్నా."

"తలనొప్పి?"

"అది కూడా ఉందండీ. వెనక్కాల, మెడ దగ్గర."

డిటెక్టివ్ అతని ముఖంలోకి వంగి చూసింది. ఎడమ దవడ కొంచెం ఉబ్బి ఉంది. ఆమె గొంతు తగ్గించి, చంటిపిల్లాణ్ణి అడిగినట్టు అడిగింది.

"నోట్లో ఏముంది నాయనా?"

అతను సిగ్గుపడుతూ అరచేతిలోకి ఊశాడు. పసుప్పచ్చని పీచు.

"జేబులో మిగిలిన ముక్కండీ. గురువుగారే నేర్పారు. గొంతు కాపాడుకోవాలంటే నోట్లో ఎప్పుడూ ఒక ముక్క ఉండాలన్నారు. ఆయన ఎన్ని వాడితే నేనూ అన్ని వాడతాను."

"ఫ్లాస్కులో నీళ్లు?"

"సగం ఆయనకి, సగం నాకు."

హెడ్ కానిస్టేబుల్ తన బల్ల సొరుగు లాగి బీపీ మిషను తీశాడు. "నాదేనండీ. ఇంట్లో చూసుకోమన్నాడు డాక్టరు. ఇంట్లో చూసుకుంటే అంకె కంటే ముందు మా ఆవిడ లేస్తుంది. అందుకని ఇక్కడ పెట్టుకున్నా."

డిటెక్టివ్ శిష్యుణ్ణి వీపు ఆనించి కూర్చోబెట్టింది, కాళ్లు నేలకు ఆనించమంది, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తున పెట్టించింది. కాసేపు ఎవరినీ మాట్లాడొద్దంది. మిషను బుసకొట్టి, బిగిసి, వదిలింది.

రెండు వందల పది. కింద నూట ఇరవై.

"మిషను పాడయ్యుంటుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్ వెనక నుంచి. "ఏదీ, నాకు పెట్టు." పెట్టారు. ఆయనకు నూట ముప్పై, ఎనభై ఐదు.

"మిషను బాగానే ఉంది సార్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ మెల్లిగా.

మళ్లీ శిష్యుడికి పెట్టారు. అంకె కదల్లేదు.

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ కళ్లలోకి చూసింది. "విషం పెట్టేవాడు సగం తను తాగుతాడా?"

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. ఒక్క క్షణం శిష్యుడి కాళ్ల వంక చూశాడు. తరువాత తనే వంగి అతని చంక కింద చెయ్యి వేసి లేపాడు.

"పద బాబూ. జీపెక్కు. కోర్టుకి కాదులే, ఆస్పత్రికి. ఏయ్, సైరన్ వెయ్యండి."

జీపు కదిలింది. డిటెక్టివ్ శిష్యుడి పక్కనే కూర్చుని డాక్టరమ్మకు అంకెలు చెప్పింది. పొటాషియం, గుండె చప్పుడు, రెండూ ముందు చూడాలి, మంచం ఖాళీ చేయిస్తున్నాను, తెచ్చెయ్యండి అంది డాక్టరమ్మ. చిన్న వయసు, ముందే పట్టుకున్నాం, ఇతను నడుచుకుంటూ ఇంటికెళ్తాడు అని కూడా అంది. ఫోను పెట్టేలోపు అవతల ఎవరో లాక్కున్నట్టు చప్పుడైంది. పెద్దాయన భార్య గొంతు.

"అమ్మా, ఈయన కళ్లు తెరిచారు. మాట కొంచెం ముద్దగా ఉంది గానీ తెలుస్తోంది. వాడేడీ అంటున్నారు."

"దారిలో ఉన్నాడని చెప్పండి," అంది డిటెక్టివ్. "పక్క మంచానికే వస్తున్నాడు."

శిష్యుడు ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. కాసేపటికి కళ్లు తుడుచుకుని అన్నాడు. "మేడమ్, నేను ఈ పాట్లు పడుతుంటే నా పాత్ర ఎవరు చెబుతున్నారో పాపం. ఈ పూట ఇంకో పెద్ద స్టూడియోలో గుంపు సీను ఉంది. సైన్యం కేకలు. గురువుగారి శిష్యులందరూ అక్కడే ఉంటారు."

డిటెక్టివ్ వెన్ను నిటారుగా అయింది. "శిష్యులందరూ అంటే?"

"ముప్పై మంది దాకా ఉంటామండీ. పెద్దవాళ్లు కూడా ఉన్నారు. ఒకావిడకి ఏడో నెల."

"వాళ్లందరికీ ఆయనే నేర్పారా? ఇది కూడా?"

"గురువుగారు గొంతు నేర్పడం మొదలుపెట్టేదే దీంతో కదండీ. ఈ సీరియల్ మొదలయ్యాక బస్తా తెప్పించి అందరికీ పంచారు."

డిటెక్టివ్ ముందు సీటు వైపు వంగేలోపే ఇన్‌స్పెక్టర్ చెయ్యి వైర్‌లెస్ మీద పడింది. ఆయన బటన్ నొక్కి గొంతు సవరించుకున్నాడు.

"కంట్రోల్, వినండి. దగ్గర్లో ఏ బండి ఉంటే ఆ బండి పెద్ద డబ్బింగ్ స్టూడియోకి పొమ్మనండి, నిన్నటి చిన్నదానికి కాదు. వెనకాల అంబులెన్సులు. లోపల ముప్పై మంది ఉంటారు. అరెస్టు ఎవర్నీ కాదు." ఆయన వెనక్కి తిరిగి డిటెక్టివ్ వంక చూశాడు. ఆమె తల ఊపింది. "రికార్డింగు ఆపించి, అందరి నోట్లో ఉన్నదీ ఊయించండి. ముందు ఆ ఏడో నెల అమ్మాయిని."